పల్లె చరిత్రయు నవలాకారుడును

చారిత్రక నవల యనగానే మనలో పెక్కుమందికి కోటలు, గుర్రములు, ఖడ్గములు, అంతఃపురములు కన్నులకు కట్టును. ఇందులో ఆశ్చర్యము లేదు. తెలుగున ఈ ప్రక్రియ అట్లే పెరిగినది. 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి, దేశచరిత్రమును తెలుగువారికి తెలియజెప్పవలెనని పూనుకొని, చారిత్రక నవలలను పోటీలు పెట్టి వ్రాయించినది. పిదప అడివి బాపిరాజుగారు గోన గన్నారెడ్డిని, నోరి నరసింహశాస్త్రిగారు రుద్రమదేవిని మన యెదుట సజీవముగా నిలిపిరి. ఆ నవలలు చదివి ఓరుగల్లు కోటను చూడబోయినవారు ఎందరో కలరు. ఆ గ్రంథములకు మనము ఋణపడి యున్నాము.

అయినను ఒక ప్రశ్న మిగిలియే యున్నది. కోట లేని ఊరికి చరిత్ర లేదా? రాజు పుట్టని, శాసనము వేయని పల్లెలో తరతరములుగా దున్నుచు, నేయుచు, కుండలు చేయుచు, పశువులు కాచుచు బ్రదికిన జనుల కథను ఎవరు వ్రాయవలెను? ఏ ఆధారముతో వ్రాయవలెను? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములను దృష్టియందుంచుకొని ఈ ప్రశ్నను కొంత విచారింపదలచితిమి.

ఈ మూడు పట్టణములును పూర్వపు నల్లగొండ జిల్లాలోనివి. 2016లో సూర్యాపేట వేరొక జిల్లా కాగా కోదాడ అందులో చేరినది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచినది. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాచబాట సూర్యాపేట, కోదాడల మీదుగా సాగును. మిర్యాలగూడ ఆ బాటకు దక్షిణముగా, కృష్ణానది వైపున నున్నది. మూసీనది ఈ నేలను తడిపి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. తెలంగాణమునుండి కోస్తాకు, కోస్తానుండి తెలంగాణమునకు వర్తకులును, కవులును, సైన్యములును, పత్రికలును, క్రొత్త భావములును ఈ త్రోవనే నడచినవి. కనుక ఈ నేలకు చరిత్ర లేదనుట పొసగదు.

పాత చిహ్నములకును కొదవ లేదు. ఫణిగిరి కొండమీద బౌద్ధ స్తూప విహారముల శిథిలములు కలవు. సూర్యాపేటకు చేరువనే పిల్లలమర్రిలో కాకతీయ సామంతులగు రేచర్ల రెడ్లు కట్టించిన శివాలయములు కలవు. 13వ శతాబ్ది ఆరంభమునాటి ఆ గుడుల స్తంభములును శాసనములును నేటికిని చూపరులను ఆకర్షించును. శాసనమును చదువబోయినచో గుడి కట్టించినవాని పేరు, వాని వంశము, వాని బిరుదములు, దేవునకిచ్చిన మాన్యము కొలత, చెరువు త్రవ్వించిన పుణ్యము, అన్నియు తెలియును. చెరువు త్రవ్వించినవాడు కనబడును, త్రవ్వినవాడు కనబడడు. ఏనుగువంటి నల్లరాతిని కొండనుండి దొర్లించి తెచ్చినవాని చేయి నలిగినదో, లేదో, ఆ రాయి చెప్పదు. శాసనము తప్పు చెప్పుట లేదు. తనకు కావలసినంతవరకే చెప్పుచున్నది.

ఏడు శతాబ్దులు దాటి నిజాము కాలమునకు వత్తము. రాతి శాసనమునకు బదులు ఇప్పుడు కాగితపు దస్త్రము వచ్చినది. పట్టాలు, పహాణీలు, జమాబందీ లెక్కలు తహసీలు కచ్చేరీలలో దొంతరలుగా పేరుకొనినవి. భాష ఉర్దూ, వ్రాయువాడు పట్వారీ. ఏ సర్వే నంబరు ఎవరి పేర నున్నది, శిస్తు ఎంత, బకాయి ఎంత, ఇవి అందుండును. సూర్యాపేట ప్రాంతమున ఒక్క భూస్వామి చేతిలోనే లక్షన్నర ఎకరములుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో వెలువడిన తమ పోరాట చరిత్ర గ్రంథమున వ్రాసిరి. లక్షన్నర ఎకరములన్న అంకె మనకు తెలిసినది. ఆ అంకె క్రింద నలిగిన యిండ్లెన్ని, వాని గుమ్మములలో ప్రొద్దు ఎట్లు పొడిచెను, ఎట్లు క్రుంకెను అను సంగతి ఏ లెక్కలోనికి ఎక్కినది?

వెట్టిచాకిరినే తీసికొందము. అధికారి దౌరాకు వచ్చెనన్న, చాకలి నీళ్లు మోయవలెను. కుమ్మరి కుండలు తేవలెను. గొల్లవాడు గొర్రెను తోలుకొని రావలెను. కల్లు గీయువాడు కల్లుకుండ దింపవలెను. మాదిగ చెప్పులు కుట్టవలెను, కబురు మోయవలెను. రైతు తన నాగలిని మొదట దొర పొలమున కట్టి, పదును ఆరిన పిదప తన చేనికి పోవలెను. గడిలో పెండ్లి యైనను, చావైనను ఊరంతయు పని మానుకొని అచ్చటనే యుండవలెను. ఈ చాకిరికి కూలి లేదు. కూలి లేదు గనుక రసీదు లేదు. రసీదు లేదు గనుక దస్త్రము లేదు. దస్త్రము లేని దానికి చరిత్రకారుని గ్రంథమున చోటు దొరకుట కష్టము. నవలాకారుని పని ఇచ్చటనే మొదలగుచున్నది.

ఇట్టి పని ఇతర దేశములందెట్లు జరిగినదో చూచినచో మనకు కొంత వెలుగు దొరకును. స్కాట్లండున వాల్టర్ స్కాట్ చారిత్రక నవలకు ఆద్యుడని ప్రసిద్ధుడు. బాల్యమున వ్యాధిగ్రస్తుడై, సరిహద్దు పల్లెయందలి తాతగారి పొలములోని యింట పెరిగి, పెద్దల నోట పాత కథలును పాటలును వినెను. పెరిగినపిదప ఊరూర తిరిగి ఆ పాటలను సేకరించి 1802లో అచ్చొత్తించెను. అటుపిమ్మటనే 1814లో తన తొలి నవల వేవర్లీని ప్రకటించెను. అందలి కథ 1745నాటి తిరుగుబాటునకు సంబంధించినది. అరువది యేండ్ల క్రిందటి కథ యని దానికి ఉపశీర్షిక పెట్టుటలో ఒక మర్మమున్నది. అరువదేండ్లన్న, నాటి కథ నేటి రాజకీయము కాదు. అయినను నాటివారిలో కొందరింకను బ్రదికియే యుందురు. అడిగినచో చెప్పుదురు.

ఇంగ్లండునకు వచ్చినచో తామస్ హార్డీ గుర్తునకు వచ్చును. డార్సెట్ అను వ్యవసాయ ప్రాంతమున 1840లో పుట్టి, లండనులో కొన్నేండ్లు గడిపియు తిరిగి పుట్టిన గడ్డకే వచ్చి, డార్చెస్టరు పట్టణపు శివారున ఇల్లు కట్టుకొని, 1928లో చనిపోవువరకు అచ్చటనే యుండెను. ఆ మారుమూల ప్రాంతమునకు వెసెక్స్ అను పాత పేరును మరల తగిలించి లోకమునకు పరిచయము చేసెను. నెపోలియను దండెత్తి వచ్చునన్న భయమున తన ప్రాంతపు పల్లెలెట్లు కంపించెనో చెప్పుచు 1880లో ఒక నవల ప్రకటించెను. అందులకు ఆధారములు పాత పత్రికలు మాత్రమే కావు. తన నాయనమ్మ చెప్పిన ముచ్చట్లను జ్ఞాపకముంచుకొనెను. వాటర్లూ యుద్ధమున పోరాడిన ముదుసలి సిపాయిలను చెల్సియా ఆశ్రమమునకు పోయి పలుకరించెను. ఇంకొక మాట కూడ ఆయన చెప్పియున్నాడు. తరతరములుగా ఒకే పల్లెలో నున్న కూలీలు గుడిసెలు విడిచి ఊరూర వలసపోవుటచే ఆ పల్లెల పాటలు, నమ్మకములు, మనుష్యుల కథలు తెగిపోయెనని ఆయన బాధ. ఈ మాటను మనము మరువరాదు. తిరిగి దీనికి వత్తుము.

మన ప్రాంతమున ఈ పనికి పూనుకొన్నవారు వట్టికోట ఆళ్వారుస్వామిగారు. సూర్యాపేటకు పడమటనున్న నకిరేకల్లు ప్రాంతమున, చెరువుమాదారమను పల్లెలో, మొదటి ప్రపంచ యుద్ధ కాలమున వారు జన్మించిరి. చిన్ననాడే తండ్రిని కోల్పోయిరి. ఒక ఉపాధ్యాయునకు వండిపెట్టుచు నాలుగక్షరములు నేర్చుకొనిరి. విజయవాడలో ఫలాహారశాలయందు వడ్డన పనియు, హైదరాబాదున గోలకొండ పత్రికలో అచ్చుప్రతులు దిద్దు పనియు చేసిరి. అనగా, వారికి పాఠశాల యొక బడి కాదు. వంటయిల్లును, ఫలాహారశాలయు, అచ్చుకూటమును వారి బడులు. పరాయి పొయ్యి ముందు కూర్చుండి చదువుకొన్నవానికి అన్నము విలువయు అక్షరము విలువయు సమానముగా తెలియును.

1938లో వారు సికిందరాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. ఆ యేడే దివంగతులైన కాశీనాథుని నాగేశ్వరరావుగారి బిరుదమునే ఆ మాలకు పేరుగా నుంచిరి. చేత పైకము లేదు, ప్రభుత్వమునకు తెలుగుపై దయ లేదు, చదువుకొన్నవారు తక్కువ. అయినను ముప్పదికి పైగా గ్రంథములను వెలువరించిరి. పుస్తకముల మూటను తామే మోసికొని ఊరూర తిరిగి అమ్మిరని వారినెరిగినవారు చెప్పుదురు. గ్రంథాలయోద్యమమున, ఆంధ్రమహాసభయందు, పిదప కమ్యూనిస్టు ఉద్యమమున పనిచేసి చెరసాలలలో కొన్నేండ్లు గడిపిరి. నిజామాబాదు చెరసాలయందు కవి దాశరథి కృష్ణమాచార్యగారు వారికి సహవాసి. దాశరథిగారు తమ అగ్నిధార కావ్యమును ఆళ్వారుస్వామిగారికే అంకితమిచ్చిరి. చెరసాలలో తోడి ఖైదీలను వారు చూచిన చూపు ఎట్టిదో తెలిసికొనగోరువారు జైలు లోపల అను వారి కథల సంపుటమును చదువవలెను. దొంగ యని, హంతకుడని లోకము ముద్రవేసిన మనుష్యుని వెనుక నొక ఇల్లు, ఒక ఆకలి, ఒక అవమానము ఉండునని ఆ కథలు చూపును.

వారి నవల ప్రజల మనిషి 1955లో వెలువడినది. తెలంగాణమున వచ్చిన తొలి రాజకీయ నవలగా దానిని విమర్శకులు పరిగణింతురు. 1930వ దశకమున నిజామాబాదు ప్రాంతపు దిమ్మెగూడెమను పల్లెలో కథ జరుగును. గడిలో రామభూపాలరావు దొర; ఊరిలో కంఠీరవమను బ్రాహ్మణ యువకుడు. దొర భూమిని ఎట్లు కాజేయునో, వెట్టి ఎట్లు నడచునో, అవమానము భరింపలేక దళితులు మతము మారిన పిదప వారికి ఏమి జరిగెనో, ఆర్యసమాజ ప్రచారకులు వచ్చి ఏమి చేసిరో, ఆంధ్రమహాసభ మాట పల్లెకు ఎట్లు చేరెనో, ఒకదాని వెంట ఒకటిగా చెప్పబడినది. అందు రాజులు లేరు, యుద్ధములు లేవు. కాని మనుష్యుడు వంచిన తలను మొదటి పర్యాయము ఎత్తుట యన్న గొప్ప సంఘటన కలదు. నీ బాంచన్ దొరా యని నోట తప్ప వేరొక మాట రాని వాడు, ఎందుకు అని అడుగగల స్థితికి వచ్చుటకు ఎన్నేండ్లు పట్టును? మధ్యలో ఎన్ని మెట్లుండును? చరిత్ర గ్రంథము ఆ ఉద్యమము ఫలానా సంవత్సరమున ప్రారంభమైనదని ఒక వాక్యమున ముగించును. నవలాకారుడు ఆ వాక్యమును విప్పి మూడువందల పుటలు చేయును. ఆ విప్పుటయందే సత్యమున్నది.

కోదాడకు చేరువనున్న చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగినది. ఈ సంగతి చరిత్ర పుస్తకములందు కలదు, అధ్యక్షుని పేరు కలదు, తీర్మానములు కలవు. ఆ సభకు బండ్లు కట్టుకొని పోయిన రైతులు దొరకు చెప్పి పోయిరా, చెప్పక పోయిరా? తిరిగి వచ్చిన మరునాడు వారిని గడికి పిలిపించిరా? వారి ఇండ్ల స్త్రీలు ఆ రాత్రి నిద్రపోయిరా? ఈ ప్రశ్నలకు సమాధానము తీర్మానముల పుస్తకమున దొరకదు. సభను గూర్చి చరిత్రకారుడు వ్రాయును. సభ నుండి ఇల్లు చేరిన మనిషిని గూర్చి నవలాకారుడు వ్రాయవలెను. ఆళ్వారుస్వామిగారు చేసిన పని ఇదియే.

ప్రజల మనిషి తరువాతి కాలమును గూర్చి వారు గంగు అను మరియొక నవలకు పూనుకొనిరి. అది ముగియకమునుపే 1961 ఫిబ్రవరిలో కాలధర్మము నొందిరి. అసంపూర్ణముగానే ఆ నవల వారి మరణానంతరము అచ్చుపడినది. తెలంగాణ ప్రజాజీవితమును వరుసగా నవలలలో చెప్పవలెనన్న వారి సంకల్పము అట్లు మధ్యలో ఆగినది.

ఆగిన కలమును చేతబట్టినవారు దాశరథి రంగాచార్యగారు. కవి కృష్ణమాచార్యగారి తమ్ములు. 1928లో చిన్నగూడూరులో పుట్టిరి. ఆళ్వారుస్వామిగారి ప్రణాళికను కొనసాగింపవలెనని తలపెట్టి, చిల్లర దేవుళ్లు అను నవలను 1969లో ప్రకటించిరి. తరువాత మోదుగుపూలు, జనపదము వచ్చినవి. మొదటిది ఉద్యమమునకు ముందటి పల్లెను, రెండవది సాయుధ పోరాట కాలమును, మూడవది ఆ తరువాతి మార్పులను చిత్రించును. చిల్లర దేవుళ్లులో ఆంధ్రప్రాంతము నుండి బ్రదుకుదెరువునకై వచ్చిన సంగీతగాడు గడిలో చేరును. తెలియని కన్నులతో చూచువాడు గనుక, ఆ ఊరివారికి అలవాటైపోయిన ఘోరములన్నియు వానికి క్రొత్తగా కనబడును. వానితోపాటు మనకును కనబడును. దొర కూతురు అత్తవారింటికి పోవునపుడు సారెతోపాటు పంపబడు ఆడబాపల బ్రదుకు అందు చెప్పబడినది. ఏ చట్టములోను ఆ దాస్యమునకు పేరు లేదు. నవల లేనిచో అట్టి స్త్రీ యొకతె యుండెనని నేటి బిడ్డలకు తెలియుటయే దుర్లభము.

రంగాచార్యగారు పాత్రల నోట తెలంగాణపు పలుకుబడిని, ఉర్దూ కలసిన కచ్చేరి మాటలను అట్లే పలికించిరి. ఇది అలంకారము కొరకు చేసినది కాదు. దౌరా, గిర్దావరు, ఖుష్కి, తరి, నాగు, భగేలా, ఈ మాటలు పోయినచో ఆ వ్యవస్థ ఎట్లు నడచెనో కూడ తెలియకుండ పోవును. అప్పుగా తెచ్చిన గింజకు గింజతోనే వడ్డీ కట్టుట నాగు. అప్పు తీరువరకు మనిషి దొర యింట కట్టుబడి పనిచేయుట భగేలా. మాట యొక్కటియే, దాని వెనుక ఒక కుటుంబపు మూడు తరములుండును. కావున నవలాకారుడు దాచిన మాట, పురావస్తుశాఖవారు దాచిన విగ్రహమువంటిదే.

ఇక్కడ మనము ఒక ఆక్షేపణను వినవలసి యున్నది. వీరిరువురును ఉద్యమమున పాల్గొనినవారు, ఒక పక్షమువారు. వారు వ్రాసినది చరిత్ర యెట్లగును? నాయకుడు మిక్కిలి మంచివాడు, దొర మిక్కిలి చెడ్డవాడు; లోకము ఇట్లు రెండుగా చీలియుండునా? ఈ ఆక్షేపణలో కొంత బలమున్నది. కంఠీరవము కొన్నియెడల మనుష్యునివలె గాక ఉపన్యాసమువలె మాటాడుననుట నిజము. నిజ చరిత్రము ఇంతకన్న చిక్కైనది. రావి నారాయణరెడ్డిగారు భూస్వామి కుటుంబమున పుట్టినవారే. సూర్యాపేట తాలూకా కరివిరాల కొత్తగూడెమున కలవారి యింట పుట్టిన మల్లు స్వరాజ్యంగారు, వారి అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డిగారు, ఆ యింటి ధాన్యమును విడిచి దళములలోనికి నడచిరి. దొరల యింటనే దొరతనమును ధిక్కరించిన బిడ్డలు పుట్టిరి. పేదల యింటనే దొర కర్ర పట్టినవారును ఉండిరి. ఈ చిక్కును విడదీయక, చిక్కుగానే చూపగల నవల మనకింకను అవసరము.

స్త్రీల విషయమునను ఇట్లే. పోరాటమున స్త్రీలు వడిసెల రాళ్లు విసరిరి, కారము చల్లిరి, దళములకు అన్నము మోసిరి, తుపాకులు పట్టిరి. పోరాటము ముగిసిన పిదప వంటయింటికి పొమ్మనిన మాట కూడ విన్నారు. ఈ సంగతులను వారి నోటనే చెప్పించి, స్త్రీశక్తి సంఘటన వారు 1986లో మనకు తెలియని మన చరిత్ర అను గ్రంథముగా ప్రకటించిరి. అది నవల కాదు; కాని అందలి యొక్కొక్క గొంతులో ఒక్కొక్క నవల యున్నది. పురుషులు వ్రాసిన నవలలలో దొరకని చరిత్ర అందు దొరకును. కాబట్టి ఒక్క గ్రంథమును పట్టుకొని ఇదియే చరిత్ర యనరాదు. దస్త్రమును, జ్ఞాపకమును, నవలను ప్రక్కప్రక్కన నుంచుకొని చదువవలెను. దస్త్రము తేదీని సరిచేయును. జ్ఞాపకము మనస్సును చూపును. నవల ఆ రెంటిని కలిపి బ్రదుకును నిలబెట్టును.

ఇదంతయు ఇప్పుడెందుకు చెప్పవలసి వచ్చినదో విన్నవింతుము. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య కూలినాడు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. 1951లో సాయుధ పోరాటము విరమింపబడినది. స్కాట్ చెప్పిన అరువదేండ్ల గడువు మనకు ఏనాడో దాటిపోయినది. ఆనాడు పదునైదేండ్ల పిల్లగా నున్నామె నేడు తొంబదికి చేరువైనదో, దాటినదో కావలెను. మల్లు స్వరాజ్యంగారు 2022 మార్చిలో కన్నుమూసిరి. వారి కథ పుస్తకమున కెక్కినది, ఎందుకనగా వారు పేరొందినవారు. దళమునకు జొన్నరొట్టె మోసి, ఎవరికిని చెప్పక, తరువాత కూలికి పోయి బ్రదికిన ముసలమ్మ కథను వ్రాసినవారెవరు? ఆమె పోయిన దినమున ఊరు ఒక ముసలమ్మను మాత్రమే గాక ఒక చరిత్ర పుటను గూడ కోల్పోవుచున్నది.

నేలయు మారినది. 1955 డిసెంబరు 10న నందికొండవద్ద నాగార్జునసాగరమునకు జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలబడినది. ఎడమ కాలువ నీరు వచ్చిన పిదప మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములలో జొన్న చేలు వరిమళ్లయినవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరొందినది. మోట, బొక్కెన, గూడ అను మాటలు పిల్లలకు తెలియవు. నీరు వచ్చుట మేలే. దానిని ఎవరును కాదనరు. కాని నీటితోపాటు క్రొత్తవారు వచ్చిరి, పాతవారిలో కొందరు పట్టణములకు పోయిరి, భూమి చేతులు మారినది, గడులు కూలినవి. హార్డీ తన ప్రాంతమును గూర్చి చెప్పిన మాట ఇక్కడ జ్ఞాపకమునకు వచ్చును. మనుష్యులు కదలినచో కథలు తెగును. కాలువ వచ్చిన తరువాతి ఈ పల్లె మార్పు కూడ ఒక చారిత్రక నవలకు తగిన వస్తువే. దొర పోయి వ్యాపారి వచ్చెనా, వెట్టి పోయి అప్పు వచ్చెనా, పేదవానికి నిజముగా దక్కినదేమి, ఈ ప్రశ్నలను ఏ పల్లె యైనను అడుగదగును.

వ్రాయగోరు యువకులకును యువతులకును ఒకటి రెండు మాటలు చెప్పి విరమింతుము. వ్రాయుటకు పట్టణమునకు పోనక్కరలేదు. ఆళ్వారుస్వామిగారికి విశ్వవిద్యాలయ పట్టము లేదు, హార్డీకిని లేదు. మీ ఊరిలోని మిక్కిలి వృద్ధులైనవారి యొద్దకు పొండు. అవ్వా, తాతా యని ఆప్యాయముగా పిలిచి కూర్చుండుడు. సంవత్సరము అడిగినచో వారు చెప్పజాలరు. రజాకార్ల నాడా, పోలీసు చర్య తరువాతనా, కాలువ రాకముందా అని అడిగినచో చెప్పుదురు. ఒకరు చెప్పినదానిని మరియొకరివలన పోల్చి చూడుడు. మాటలను మీ పుస్తకపు భాషకు మార్చక, వారి నోట వచ్చినట్లే వ్రాసికొనుడు. పాత పహాణీ దొరకినచో ఆ భూమి ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయెనో చూడుడు. వారు చెప్పక దాటవేసిన సంగతిని గూడ గుర్తించుడు; పల్లెలో కొన్ని నిజములు మౌనముననే దాగియుండును. అయితే దాచదలచిన వారిని బలవంతపెట్టరాదు. బ్రదికియున్నవారి గౌరవమునకు భంగము రాకుండ సత్యము చెప్పుటకే నవల యను ప్రక్రియ పుట్టినది. పేరు మార్చవచ్చును, ఊరు మార్చవచ్చును, బాధను మాత్రము మార్చరాదు.

ఇట్లు ప్రోగుచేసిన వారందరును నవలాకారులు కాజాలరు. దానివలన నష్టము లేదు. పదిమంది వ్రాసిపెట్టిన నోటుపుస్తకములుండినచో, రేపు పుట్టబోవు నవలాకారునకు అవి చెరువులో నీరువంటివి. చెరువు నిండియున్ననే గదా మడి పారును! పిల్లలమర్రి శాసనము చెరువు త్రవ్వించినవాని పేరును ఎనిమిది వందల యేండ్లు కాపాడినది. త్రవ్వినవాని పేరును కాపాడు పని కాగితముది, కలముది. ఆ పనిని ఇద్దరు పెద్దలు మొదలుపెట్టి పోయిరి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెలలో ఇంకను మాటాడువారున్నారు. వినువారు త్వరపడవలెను.